పులుసుకా, వేపుడుకా

పోయిన శనివారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి ఒక ట్రౌట్ చేపను కొలిచాను. పొడవు పంతొమ్మిదింబావు అంగుళాలు. వీపు రెక్క మొదట్లో పసుపుపచ్చ ట్యాగు, దాని మీద 386 అన్న నంబరు. ట్యాగుకు పాచి పట్టి ఉంటే బొటనవేలితో తుడిచి రెండుసార్లు చదివాను, మూడోసారి పక్కనున్న అమ్మాయి చేత చదివించాను. ఇంటికి వచ్చి పాత రిజిస్టరు తీశాను. ఆ చేపను రిజర్వాయరులో వదిలింది ఒక నవంబరు నెల రెండో మంగళవారం. ఆనాటి పొడవు పదకొండున్నర అంగుళాలు. ట్యాగు వేసినవారు అన్న గడిలో ఆయన పొడి అక్షరాలు. ఆ చేప రెండు వేసవులు దాటి వచ్చింది. ఆయన పోయి పద్నాలుగు నెలలు.

ఆయన పేరు రాయను. బతికి ఉండగా ఆఫీసు తలుపు మీద ఉన్న తన పేరుపలకకే టోపీ తగిలించి మూసేసిన మనిషి.

శాంటా క్లారా నుంచి కొండల్లోకి గంటా పది నిమిషాలు డ్రైవ్ చేస్తే ఆ రిజర్వాయరు వస్తుంది. తాగునీటి కోసం కట్టింది. చలికాలంలో నీళ్ళు చల్లబడ్డాక చేపలు పెంచే హ్యాచరీ నుంచి ట్రక్కుల్లో ట్రౌట్ చేపలు తెచ్చి అందులో వదులుతారు. జనం వచ్చి గాలాలు వేసి పట్టుకుపోతారు. వేసవిలో నీళ్ళు వేడెక్కుతాయి కాబట్టి చేపలు వేయడం ఆపేస్తారు. ఎన్ని వేశారు, ఎన్ని జనం చేతికి వచ్చాయి, ఎంత పెరిగాయి, నీళ్ళు ఎలా ఉన్నాయి, ఇదంతా చూసే బయాలజిస్టు ఆయన.

నేను ఆస్పత్రి లాబొరేటరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు మైక్రోస్కోపు కింద రక్తకణాలు లెక్కపెట్టి రిటైరయ్యాను. ఆ ఏడాది అక్టోబరు మూడో మంగళవారం మా వాకింగ్ గ్రూపుతో కలిసి ఆ కొండలకు వెళ్ళాను. పడవలు దించే ర్యాంపు దగ్గర ఒకాయన నడుము దాకా రబ్బరు తొడుగు వేసుకుని నీళ్ళలో నిలబడి ఉన్నారు. పక్కన పెద్ద తొట్టి నిండా చేపలు. ఒక్కొక్కటీ తీసి, వీపున ట్యాగు గుచ్చి, నీళ్ళలోకి జారుస్తూ పైకి లెక్కపెడుతున్నారు. తెలుగులో. అరవై ఐదు, అరవై ఆరు, అరవై ఏడు, అరవై ఏడు.

"అరవై ఏడు రెండుసార్లు అన్నారు," అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. తరువాతి చేపకు ట్యాగు గుచ్చి వదిలి "అరవై తొమ్మిది" అన్నారు. దిద్దుకున్నారన్న మాట. ఆ తర్వాత, ఇంకా మూడు వందల ముప్ఫై ఒకటి ఉన్నాయి, పోతరా, ఉంటరా అని అడిగారు. నేను ఉన్నాను. వాకింగ్ గ్రూపు నన్ను వదిలి వెళ్ళిపోయింది. సాయంత్రం ఆయన తన ట్రక్కులో ఇంటి దగ్గర దించారు. ఆ రోజు కట్టుకున్న బట్టలు మూడుసార్లు ఉతికాను.

లెక్క తెలుగులో ఎందుకు పెడతారని దారిలో అడిగితే, ఇంగ్లీషులో లెక్కపెడితే వేరేటోని చేపలు అనిపిస్తయ్ అన్నారు. వాళ్ళ నాన్న నిజాంసాగర్‌లో వల వేసేవారట. ఆయన గురించి ఊరూ పేరూ వరసలో నాకు తెలిసింది అంతే. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. మొదటి నెల "మేడం" అన్నారు, రెండో నెల నుంచి "లెక్కలక్కా" అన్నారు. నేను చివరిదాకా "మీరు" అనే అన్నాను.

ట్రక్కు వచ్చిన రోజున ఆయన చేసే ఒక పని నాకు కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. ట్రక్కులోని నీళ్ళకూ రిజర్వాయరు నీళ్ళకూ వేడిలో తేడా ఎక్కువుంటే చేపలు తట్టుకోలేవు. తేడా చూడటానికి మంచి థర్మామీటరు ఉంది. ఆయన దాన్ని చూసేవారు, రాసుకునేవారు, ఆ తర్వాత చొక్కా చేయి పైకి మడిచి, పసిబిడ్డ స్నానానికి నీళ్ళ వేడి చూసినట్టు మోచేతి దాకా ముందు ట్రక్కు తొట్టిలో, తర్వాత రిజర్వాయరులో ముంచేవారు. రెండూ ఒప్పుకున్నాకే గొట్టం తెరవమనేవారు. చేపలు వెండి నాణేల్లా దూకుతుంటే "పోండ్రి, పోండ్రి బిడ్డా, తొందర లేదు" అనేవారు. అవి తొందరగానే పోయేవి.

మధ్యాహ్నం ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద కూర్చుని జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తినేవారు. ట్రౌట్ తినేవారు గాని దాన్ని చేపల్లో జమ కట్టేవారు కాదు. కొర్రమట్ట ముందు ఇది ఇంగ్లీషోల్ల పనీరు అక్కా, అని శాకాహారినైన నాకు చెప్పేవారు, నేనేదో పోల్చి చూడగలిగినట్టు. ఎదురుగా ఎండు చెట్టు మీద ఒక గద్ద కూర్చునేది. అది తన కంటే ముందే డ్యూటీకి వస్తుందని ఆయనకు దాని మీద గౌరవం.

వేసవిలో చేపలన్నీ చచ్చిపోతాయని ఆఫీసులో అందరూ అనేవారు. ఆయన ఒప్పుకునేవారు కాదు. పడవలో నడిమధ్యకు వెళ్ళి, పొడుగాటి తీగకు కట్టిన మీటరును అడుగు అడుగుగా కిందికి దించి, ప్రతి లోతులో నీళ్ళ వేడీ, నీళ్ళలో కలిసిన గాలీ చదివేవారు. నేను రాసేదాన్ని. పైన నీళ్ళు వేడి. అడుగున చల్లన గాని గాలి చాలదు. ఈ రెంటి మధ్య ఒక పొర ఉంది, అక్కడ రెండూ సరిపోతాయి. "నడిమిట్ల ఏసీ రూమున్నది. తెలివున్న చేప ఆడ్నే పంటది," అనేవారు. అలా పడుకుని లేచిన చేపను చూశారా అని అడిగితే, చూడలేదు, చూస్తా అనేవారు. ఏ ఏటికా ఏడు చూస్తా అనేవారు.

నాకు శనివారం గేటు ఇచ్చారు. రిజర్వాయరుకు దారి ఒకటే. గేటు పక్కన మడత కుర్చీ, బల్ల, కొలత పలక, షీట్లు. చేపలు పట్టి తిరిగి వెళ్ళే ప్రతి కారునూ ఆపి అడగాలి. ఎంతమంది వచ్చారు, ఎన్ని గంటలు ఉన్నారు, ఎన్ని చేపలు దొరికాయి, ట్యాగున్నవి ఎన్ని. చూపిస్తే కొలవాలి. చెప్పడం చెప్పకపోవడం వాళ్ళ ఇష్టం. మేము పోలీసులం కాదు. మనిషికి రోజుకు ఐదు చేపలే అన్న నిబంధనను చూసేవాళ్ళు వేరే ఉన్నారు.

షీటులో చివరి గడి రిమార్క్స్. దాన్ని నేను ఖాళీగా వదిలేదాన్ని. సంఖ్య సరిగ్గా ఉంటే మాటతో పనేముంది? ఆయన షీట్లలో మాత్రం ఆ గడి నిండి పక్క గడుల్లోకి పాకేది. గద్ద రెండు తీసుకుపోయింది. పెద్దాయన గాలం ఇంట్లో మరిచి వచ్చాడు, నాది ఇచ్చాను. గాలి పడమర నుంచి ఉంది, చేపలు అలిగాయి. ఇంగ్లీషులోనే రాసేవారు గాని చదివితే తెలుగులోనే వినిపించేది. చేపలు అలగడం ఏ లెక్కలోకి వస్తుందని అడిగాను. ఏ లెక్కలకూ రాదు, అందుకే ఆడ రాసిన అన్నారు.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది, అది నన్ను చాలా విసిగించింది. సోమవారం పొద్దున నా అంకె ఏదైనా చెప్పగానే ముందు ఒకటే ప్రశ్న. "ఎట్లడిగిన్రక్కా?" యాభై మూడు కార్లు వచ్చాయంటే, ఎట్లడిగిన్రు. ముగ్గురు ట్యాగు లేదన్నారంటే, ఎట్లడిగిన్రు. అడగడంలో ఏముంటుంది? చేపలున్నాయా అని అడిగాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ డాక్టరూ నన్ను రక్తాన్ని ఎలా అడిగావని అడగలేదు.

నేను గేటు దగ్గర కూర్చున్న తొలి సీజనులోనే రిజర్వాయరును నడిపే సంస్థవాళ్ళు ఒక మాట చెప్పారు. వేసిన చేపల్లో కనీసం సగం జనం చేతికి రావాలి. రాకపోతే ట్రక్కును వేరే చెరువుకు పంపుతారు. ట్రౌట్ లేకపోతే చలికాలం గేటు తెరవడం కూడా దండగే, మూసేస్తారు. తెల్లవారగానే ఫ్లాస్కుతో వచ్చి మౌనంగా గాలం వేసే ముసలివాళ్ళు ఇంకెక్కడికి పోతారని ఆయన బాధ. తొమ్మిది చలికాలాలు ఆయన చేతుల మీద నడిచిన నీళ్ళు అవి. తన ఉద్యోగానికి ఢోకా లేదు, లోపల ఆఫీసులో ఒక బల్ల ఇస్తామన్నారు. ఆ బల్లంటేనే ఆయనకు భయం.

మార్చి నెలాఖరుకు లెక్క తేల్చాను. చేత్తో మూడుసార్లు కట్టాను. నూటికి ముప్ఫై ఎనిమిది.

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ఎట్లడిగిన్రక్కా అన్నారు, ఈసారి నెమ్మదిగా. చేపలున్నాయా అని అడిగాను, మనుషులు ఇంకెలా అడుగుతారు అన్నాను, కాస్త గట్టిగానే. మర్నాడు పరీక్ష వల వేయించారు. నీళ్ళలో మిగిలినవి చాలా తక్కువ. అంటే చేపలు నీళ్ళలోనూ లేవు, జనం చేతుల్లోనూ లేవు. నీటికాకులు తింటున్నాయేమోనని రెండు ఉదయాలు వాటిని లెక్కపెట్టారు. అవి తినగలిగినంత తిన్నా ఈ లోటుకు చాలదని తేలాక వాటిని నిర్దోషులుగా వదిలేశారు. మేలో మీటింగు. చెప్పడానికి మా దగ్గర ముప్ఫై ఎనిమిది తప్ప ఏమీ లేదు.

ఏప్రిల్ రెండో ఆదివారం ఒక పార్కులో తెలిసినవాళ్ళ పాప మొదటి పుట్టినరోజు. ఇంటివాళ్ళు భోజనాలు చేయించారు, ఎవరికి తోచింది వాళ్ళూ వండి తెచ్చారు. శాకాహారం బల్ల ఒక చెట్టు కింద, మాంసాహారం బల్ల ఇంకో చెట్టు కింద, మధ్య ఇరవై అడుగులు. నేను ఇటు పులిహోర తింటున్నాను. అటు ఆయన పళ్ళెం పట్టుకుని నిలబడి తింటూ, ఉన్నట్టుండి నమలడం ఆపారు. నోట్లోంచి ఏదో తీసి చూశారు. పళ్ళెం అక్కడే పెట్టేసి, కుళాయి దగ్గరకు వెళ్ళి, దాన్ని చాలా శ్రద్ధగా కడిగి, కాగితం రుమాలు మీద పెట్టుకుని నా దగ్గరకు వచ్చారు.

"నీచు వాసన లేదక్కా, కడిగిన," అంటూ నా పళ్ళెం పక్కన పెట్టారు.

పసుపుపచ్చ ట్యాగు. నంబరు 212. చివర్లు కొంచెం మాడాయి.

వేపుడు తెచ్చింది శాంటా క్లారాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే ఒక అమ్మాయి. చేపలు తనే పడుతుంది, వాళ్ళాయన వండుతాడు. ఆయన ఆ అమ్మాయిని పిలిచారు. చేప ఎక్కడిదని అడిగితే, మన రిజర్వాయర్‌దే అంకుల్, నిన్ననే పట్టాను, ఫ్రై బాలేదా అంది. మంచిగున్నది బిడ్డా, ప్లాస్టిక్ ఒక్కటే ఉడకలే అన్నారు ఆయన.

నా నకలు పుస్తకం ఎప్పుడూ చేతిసంచిలోనే ఉంటుంది. ముందు రోజు శనివారం పేజీ తీశాను. రెండుంబావుకు తెల్ల కారు, మనుషులు ఇద్దరు, నాలుగు గంటలు, చేపలు సున్నా. నా చేతిరాత.

"చేపలున్నాయా అని నేను నిన్ను అడిగాను," అన్నాను. "లేవన్నావు."

ఆ అమ్మాయి నాలిక కరుచుకుంది. "సారీ ఆంటీ. మీరు వెజిటేరియన్ కదా. మీ ముందు ఆ బాక్స్ ఓపెన్ చేస్తే బాగోదని. అందులోనూ శనివారం."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనవాళ్ళలో చాలామంది శనివారం నీచు ముట్టరు. తినరు గాని పట్టడానికి అభ్యంతరం లేదు. అందుకని శనివారం పట్టి, ఒడ్డునే పొలుసు గీకి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కారం పట్టించి, డబ్బాలో మూత పెట్టి, ఆదివారానికి ఇంటికి తీసుకుపోతారు. అమెరికన్లు, వియత్నాంవాళ్ళు, మెక్సికోవాళ్ళు చేపల్ని నిండుగా ఐసు మీద పెట్టి తెచ్చి నాకు గర్వంగా చూపించేవారు. మనవాళ్ళ దగ్గర చేప అనదగ్గది ఉండేది కాదు, డబ్బా ఉండేది.

మీరిద్దరేనా ఇలా అని అడిగాను. ఆ అమ్మాయి ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపులో నవంబరు నాటి మెసేజ్ చూపించింది. "సాటర్డే గేట్ దగ్గర ఒక ఆంటీ ఉంటారు. ఆమెకు నీచు స్మెల్ పడదు. బాక్సులు ట్రంక్‌లో పెట్టేసి ఏం దొరకలేదని చెప్పండి. పాపం పెద్దావిడ." దాని కింద దండం పెట్టే బొమ్మలు నలభై ఒకటి.

ఇది వాళ్ళ ఊహ కాదు. సీజను మొదట్లో ఒక కుర్రజంట నా బల్ల మీద డబ్బా మూత తీసినప్పుడు నేను చేతిరుమాలు ముక్కుకు పెట్టుకున్నాను. జలుబు అని చెప్పాను. జలుబు లేదు.

ఆయన నవ్వు చప్పుడు చేసేది కాదు. టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకునేవారు, భుజాలు మాత్రం ఊగేవి. ఆ రోజు టోపీ చాలక పక్కనున్న బెంచీ మీద కూర్చున్నారు. నలభై ఒక్కమంది గౌరవిస్తే రిజర్వాయరు ఖాళీ అయిందక్కా, అన్నారు ఊపిరి తీసుకుంటూ. నాకు ఒళ్ళు మండింది. నా శనివారం షీట్లన్నీ చింపేయమన్నాను, వచ్చే శనివారం నుంచి గేటుకు వేరేవాళ్ళని చూసుకోమన్నాను. అప్పుడు టోపీ పెట్టుకున్నారు.

"చింపుడెందుకు? వాళ్ళు చెప్పింది మీరు రాసిన్రు. కాకుంటే డబ్బా మూసున్నదని ఒక్క మాట చివరి గడిల రాసుంటే, నాకు నవంబర్లనే తెలుస్తుండె."

నకలు పుస్తకం మూసి సంచిలో పెట్టాను.

పోనీ ఆ నలభై ఒక్కమందినీ ఇప్పుడు అడిగి, చలికాలమంతా ఎన్ని పట్టారో రాయించి కలుపుదామా అన్నాను. ఆ రాత్రికే అయిపోయే పని. సగం దాటడం ఖాయం. ఆయన వద్దన్నారు. గుర్తు తెచ్చుకున్న చేప రెండంగుళాలు పెరుగుతదక్కా, ఒకటి రెండైతది, అది లెక్క కాదు అన్నారు. ఆ లెక్కతో తన తొమ్మిదేళ్ళ పని నిలబడుతుందని ఆయనకు తెలుసు. తెలిసే అన్నారు.

మేలో మీటింగుకు నన్ను కూడా తీసుకెళ్ళారు. ట్యాగును చిన్న సీసాలో వేసుకుని వచ్చారు. ఐదుగురు అధికారుల ముందు జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో చెప్పారు. శనివారం తినకపోవడం దగ్గర కొంచెం ఆగి వివరించాల్సి వచ్చింది. ఒక అధికారి, అంటే లెక్కపెట్టినవారి పొరపాటే కదా అన్నాడు. ఆయన కాదన్నారు. ఆమె రాసినదానిలో ఒక్క అంకె తప్పు లేదు, అడగమని నేను ఇచ్చిన ప్రశ్న ఆ మనుషులకు పనికిరానిది అన్నారు. నేను చెయ్యెత్తాను. ప్రశ్న ఆయనది, చేతిరుమాలు నాది అని చెప్పాను. ఇద్దరికీ కలిపి ఇంకొక్క సీజను ఇచ్చారు.

ఆ వేసవంతా ఆయన ప్రశ్న గురించే ఆలోచించారు. ఆగస్టులో పడవలో, మీటరు దించుతూ, "చేపలున్నయా అనొద్దక్కా. పులుసుకా, వేపుడుకా అనున్రి," అన్నారు. ముక్కలు చూపిస్తే చేపలెన్నో ఎలా తెలుస్తుందన్నాను. తలకాయలు లెక్కపెట్టున్రి, తలకాయ పారేసే తెలుగాయన ఇంకా నా కంటబడలే అన్నారు. పొడవు ఎలా అన్నాను. అది మీ పని అన్నారు.

అది నా పనే. అక్టోబరులో ట్రక్కు వచ్చిన రెండు రోజులూ కూర్చుని నలభై చేపల తల పొడవూ ఒంటి పొడవూ కొలిచి ఒక నిష్పత్తి కట్టాను. తల కొలిస్తే చేప ఎంతుండేదో అర అంగుళం తేడాలో చెప్పగలిగాను.

మొదటి శనివారం ఆయన వచ్చి నా వెనక నిలబడ్డారు, సాయం చేయడానికి కాదు, చూడటానికి. బుగ్గన ఒక లవంగం పెట్టుకున్నాను. చేతులకు లాబొరేటరీ తొడుగులు. చేతిరుమాలు ఇంట్లోనే వదిలి వచ్చాను. మొదట వచ్చింది శాంటా క్లారా అమ్మాయి తెల్ల కారే.

"పులుసుకా, వేపుడుకా?" అన్నాను.

"ఆరు పులుసుకి, మూడు ఫ్రైకి ఆంటీ," అంది, ఆలోచించకుండా. అని, తనే నవ్వింది. డబ్బా బల్ల మీద పెట్టాను, మూత తీశాను. ఎర్రగా కారం, పైన తొమ్మిది తలకాయలు, పద్దెనిమిది కళ్ళు. ఒక్కొక్కటీ తీసి తుడిచి కొలిచి మళ్ళీ పెట్టాను. చివరి గడిలో రాశాను. "డబ్బా తెరిచారు. తలలు తొమ్మిది. కారం ఎక్కువ." వెనక నుంచి చప్పుడు లేదు. తిరిగి చూస్తే టోపీ మొహం మీద ఉంది.

ఆ తర్వాత వాట్సాప్‌లో ఇంకో మెసేజ్ వెళ్ళిందట. ఆంటీ ఇప్పుడు బాక్స్ చూపించకపోతే వదలడం లేదు అని. దానికి దండాలు ఎన్నో నేను అడగలేదు.

ఏప్రిల్‌కు లెక్క తేలింది. నూటికి యాభై మూడు. మూడుసార్లు కట్టాను. ఆయనకు ఫోనులో చెప్పకుండా గంటా పది నిమిషాలు డ్రైవ్ చేసుకుని వెళ్ళి కాగితం చేతికిచ్చాను. ఎట్లడిగిన్రక్కా అన్నారు. చెప్పాను. ఇద్దరం తలుపు దించిన ట్రక్కు మీద కూర్చుని జొన్నరొట్టె తిన్నాం. జూన్‌లో సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది, ట్రక్కు ఈ రిజర్వాయరుకే వస్తుంది, గేటు తెరిచే ఉంటుంది అని. ఆయన దాన్ని మడిచి టోపీ లోపల పెట్టుకున్నారు. ఆ టోపీని ఎండలో ఆరబెట్టినప్పుడల్లా ఉత్తరాన్ని తీసి, మళ్ళీ పెట్టుకునేవారు.

ఆ నవంబరులో మళ్ళీ నాలుగు వందల చేపలకు ట్యాగులు వేశారు. అదే ఆయన చివరిసారి. నేను రాస్తున్నాను, ఆయన పైకి లెక్కపెడుతున్నారు. మూడు వందల ఎనభై ఆరు రెండుసార్లు అన్నారు. నేను అనలేదు, పెన్సిలు ఎత్తి చూపించాను. "చూసిన్రా లేదా అని చూసిన," అన్నారు. నేను నమ్మలేదు.

మరుసటి వేసవిలో రిటైరయ్యారు. శనివారాలు తన కుర్చీ తెచ్చుకుని గేటు దగ్గర నా పక్కన కూర్చునేవారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున టీ తాగుతూ, ఇంట్లోనే, ఇబ్బంది పడకుండా పోయారు. మంగళవారం ట్రక్కు రావాల్సి ఉంది, వచ్చింది. కొత్తగా వచ్చిన బయాలజిస్టు మంచివాడు, థర్మామీటరు చూసి సరే అన్నాడు. ఒక్క నిమిషం ఆగమని, చొక్కా చేయి మడిచి మోచేతి దాకా ట్రక్కు నీళ్ళలో ముంచాను, ఆ తర్వాత రిజర్వాయరులో. చాలా చల్లగా ఉన్నాయి. రెండూ ఒకటే. ఇక తెరవండి అన్నాను.

ఇప్పుడు పోయిన శనివారం సంగతి. శాంటా క్లారా అమ్మాయి గేటు దాకా కారులో కాదు, పరుగున వచ్చింది. పులుసుకా, వేపుడుకా అన్నాను అలవాటుగా.

"దేనికీ కాదు ఆంటీ," అంది. "వలలో ఉంది, నీళ్ళలోనే. మా ఆయన పట్టుకుని ఉన్నాడు. ఎల్లో ట్యాగ్. అంకుల్‌వి కదా అవి? మీరొచ్చి కొలవండి, వదిలేద్దాం."

ర్యాంపు దాకా రెండు వందల పన్నెండు అడుగులు, నా మోకాళ్ళతో ఆరు నిమిషాలు. వాళ్ళాయన మోకాలి లోతు నీళ్ళలో చలికి వణుకుతూ వల పట్టుకుని నిలబడ్డాడు. చేప నిండుగా, పక్కన గులాబీ చారతో, ఏ కంగారూ లేకుండా ఉంది. పలకను నీళ్ళలోనే పెట్టి కొలిచాను. నంబరు మొదట్లో చెప్పాను. అబ్బాయి వల ఒకవైపు దించాడు. అది కాసేపు అక్కడే నిలబడింది, మొప్పలు ఆడించింది, ఆ తర్వాత తొందర లేకుండా నడిమధ్యకు, లోతు ఉన్న వైపుకు వెళ్ళిపోయింది. ఏప్రిల్ నెల కదా, ఎండలు ముదిరేలోగా గది చూసుకోవాలి.

షీటు నింపాను. నంబరు, పొడవు, వేళ, తిరిగి వదిలారు. రిమార్క్స్ గడిలో ముందు "మంచిగున్నది" అని తెలుగులో రాశాను. సోమవారం ఆఫీసు నుంచి ఫోన్ వస్తుందని తెలుసు, వచ్చింది, ఏ భాష అని అడిగారు, చెప్పాను. దాని కింద రెండు వేసవుల నీళ్ళ వేడి రాశాను, నడిమి పొర లోతు రాశాను, ట్యాగు వేసినాయన ఆ పొర గురించి ఏమనేవారో రాశాను. గడి నిండింది. పక్క గడుల్లోకి పాకాను. అవీ నిండాక కాగితం తిప్పి వెనక రాశాను. అక్కడా చోటు చాలక, మిగిలింది ఇక్కడ రాశాను.